దండం పెద్దలకీ, నైవేద్యం దేవుడికే: ఒక పరిశోధన గ్రంథాన్ని పాఠకులకు చేర్చిన అనుభవం

ఆ పుస్తకం నా బల్ల మీదికి వచ్చేసరికి అచ్చయి ఆరు నెలలు దాటింది. హార్డ్‌బౌండ్, ధర నూరు డాలర్ల పైమాట. మొదటి శతాబ్దపు యూదులు, వాళ్లలోంచే వచ్చిన తొలి క్రైస్తవులు 'దేవుడు ఒక్కడే' అన్నప్పుడు ఆ మాటకు ఏం అర్థం చెప్పుకున్నారన్నది అందులో విషయం. రచయిత ఆ ఒక్క ప్రశ్న మీదే ఇరవై ఏళ్లు పనిచేసిన ఆచార్యులు. కొన్ని గ్రంథాలయాలు కొన్నాయి. ఆ తర్వాత కదలిక లేదు.

మాది అమెరికాలో ఒక చిన్న విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ. మతాధ్యయనాల పుస్తకాలకు ప్రచారం చూడటం నా ఉద్యోగం. ఈ పుస్తకం విషయంలో మేం ఎక్కడ తప్పామో, ఏం దిద్దుకున్నామో ఇక్కడ రాసిపెడుతున్నాను. ఈ రంగంలోకి వస్తున్న మన పిల్లలు ఈమధ్య కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు, అందుకే తెలుగులో. లోపలి సంగతులు ఉన్నాయి కాబట్టి పుస్తకం పేరు, రచయిత పేరు చెప్పడం లేదు.

ముందు పుస్తకం సంగతి

ప్రచారం చేసేవాళ్లు పుస్తకం మొత్తం చదవరని ఒక మాట ఉంది. చాలా పుస్తకాలకు అంత తీరిక దొరకదు కూడా. దీన్ని మాత్రం నేను రెండుసార్లు చదివాను. చదవకపోతే ఏం జరుగుతుందో అప్పటికే జరిగింది, అది తర్వాత చెబుతాను.

'మోనోథీయిజం' (ఏకేశ్వరవాదం) అనే మాటే 1660లో పుట్టింది. కేంబ్రిడ్జి తత్త్వవేత్త హెన్రీ మోర్ దాన్ని వాడుకలోకి తెచ్చాడు. మొదటి శతాబ్దపు యూదుడికి ఆ మాట తెలియదు. అతనికి తెలిసింది షెమా. రోజూ పొద్దున్నా సాయంత్రమూ చెప్పుకునే ద్వితీయోపదేశకాండం 6:4. మన తెలుగు బైబిల్లో అది 'ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా' అని ఉంటుంది. అయితే ఆ షెమా చెప్పుకునే మనిషి ప్రపంచంలో దేవదూతలున్నారు, దేవుడి పేరు మోసే ప్రత్యేక దూత ఉన్నాడు. నిర్గమకాండం 23:21లో ఆ దూత గురించి దేవుడే 'నా నామము ఆయనలో ఉన్నది' అంటాడు. దానియేలు 7వ అధ్యాయంలో ఒకటి కాదు, 'సింహాసనములు' వేశారని ఉంది. అలెగ్జాండ్రియా యూదు తత్త్వవేత్త ఫైలో, దేవుడి వాక్కును ఒకచోట 'రెండో దేవుడు' అని కూడా అన్నాడు. ఇంతమంది ఉన్నా ఆ మనిషి తాను ఒక్క దేవుణ్ణే కొలుస్తున్నానని గట్టిగా నమ్మాడు. మరి అతని లెక్కలో గీత ఎక్కడుంది?

మా రచయిత జవాబు: బలి దగ్గర. ఎవరికి వంగి నమస్కరించావన్నది గీత కాదు. 1 దినవృత్తాంతాలు 29:20లో జనం యెహోవాకూ రాజుకూ కలిపే తలవంచుతారు, రెంటికీ ఒకటే క్రియాపదం. బలి మాత్రం ఒక్కరికే. రోమన్ చక్రవర్తి కోసం యెరూషలేము దేవాలయంలో రోజూ బలి ఇచ్చేవారు. చక్రవర్తి క్షేమం కోసం, దేవుడికి. చక్రవర్తికి కాదు. క్రీ.శ. 66లో ఆ బలులు ఆపేయడమే రోముతో యుద్ధానికి పునాది పడినట్టయిందని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. క్రీ.శ. 70లో దేవాలయమే పోయింది. గీత గీసే చోటు పోయాక, పరలోకంలో ఎవరు ఏ స్థానంలో ఉన్నారన్న వాదం రెండువైపులా పదునెక్కింది. అటు రబ్బీలు (యూదు మతగురువులు) 'పరలోకంలో రెండు అధికారాలు' అనేవాళ్లతో వాదించారు, ఇటు క్రైస్తవులు యేసు కూడా దేవుడేనని తీర్మానించిన 325 నాటి నీకయా సభ దాకా వచ్చారు. పుస్తకం ఆ దారంతా నడుస్తుంది.

ఈ వాదాన్ని ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, పెద్దపెద్ద కొత్త నిబంధన పండితులే. లారీ హర్టాడో దృష్టిలో, పునరుత్థానం తర్వాత కొద్ది ఏళ్లలోనే యేసుకు ఆరాధన దక్కడం యూదు సంప్రదాయంలో అంతకుముందు లేని మార్పు. రిచర్డ్ బాక్‌హామ్ ప్రకారం ఒకే దేవుడి గుర్తింపులోకి యేసును చేర్చుకున్నారు. జేమ్స్ డన్, తొలి క్రైస్తవులు యేసును ఆరాధించారా అన్న ప్రశ్నకు చాలా జాగ్రత్తగా, 'మామూలుగా కాదు' అన్న వైపు మొగ్గాడు. మా రచయితతో కలిపి ఈ నలుగురిలో ఎవరి పక్షమూ తీసుకోకుండా వెనక అట్ట మీద ఆరు వాక్యాలు రాయాలి. ఈ ఉద్యోగంలో అసలు కష్టం అదే.

వెనక అట్ట మీది ఆరు వాక్యాలు

నేను రాకముందు రాసిన ఆరు వాక్యాల్లో రెండోది ఇలా సాగింది: కఠినమైన యూదు ఏకేశ్వరవాదం నుంచి క్రైస్తవం ఎలా తెంచుకుని బయటపడిందో ఈ పుస్తకం వివరిస్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది. పుస్తకం చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు. అప్పటికి తెంచుకోవడం జరగలేదనీ, యేసును గురించిన ఆ మాటలన్నీ యూదుల ఇంటి లోపలి మాటలేననీ మూడొందల పేజీల్లో రచయిత చూపించారు. ఆ 'కఠినమైన' అన్న విశేషణం మరీ చెడ్డది. యూదుమతాన్ని ఎండిపోయిన చట్టంగా, క్రైస్తవాన్ని దాని విడుదలగా చూపించే పాత ఐరోపా అలవాటు దాని వెనక ఉంది. ఆ అలవాటు చరిత్రలో ఏం చేసిందో మనకు తెలుసు.

ఆ వాక్యం కేటలాగ్‌లో ఉంది, ఆన్‌లైన్ దుకాణాల్లో ఉంది, సమీక్ష ప్రతులతో పంపిన కాగితంలోనూ ఉంది. రచయితకు ముందే చూపించారట. అప్పుడాయన ఏదో పర్యటనలో ఉండి సరేనన్నారట. నేను ఫోన్ చేసి అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నా యూదు స్నేహితులకు ఈ పుస్తకం ఇవ్వడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడుతున్నాను' అన్నారు. ఆ మాట నాకు బాగా తగిలింది. అమ్మకం సంగతి అలా ఉంచితే, ఒక మనిషి ఇరవై ఏళ్ల పనిని మేం తలకిందులు చేసి అచ్చేశాం.

మర్నాడే మొదలుపెట్టాను. తిరగరాయడానికి మూడు వారాలు పట్టింది. 'యూదు ఏకేశ్వరవాదం నుంచి' అన్నచోట 'యూదు సంప్రదాయంలోనే' అయింది. 'ఏకేశ్వరవాదం' అన్న మాటను మొదటి వాక్యంలోంచి తీసేసి, దాని బదులు ఒక ప్రశ్న పెట్టాం: దేవుడు ఒక్కడే అని నమ్మేవాడు ఎవరికి తలవంచవచ్చు, ఎవరికి బలి ఇవ్వవచ్చు?

సేల్స్ సమావేశం

ఏడాదికి రెండుసార్లు మా పుస్తకాలు అమ్మే ప్రతినిధులతో సమావేశం ఉంటుంది. ఒక్కో పుస్తకానికి దొరికేది రెండు మూడు నిమిషాలు. పేపర్‌బ్యాక్ తేవాలన్న ప్రతిపాదనతో ఈ పుస్తకాన్ని మళ్లీ బల్ల మీద పెట్టాను. షెమా, ఫైలో, బలి అంటూ మొదలుపెట్టేసరికి కళ్లు అటూ ఇటూ వెళ్లిపోతున్నాయి. అప్పుడు ముందు అనుకోని మాట ఒకటి నా నోట వచ్చింది.

'మాది గుంటూరు. మా ఊళ్లో పెద్దవాళ్లు కనబడితే దండం పెడతాం. మేష్టారికి పెడతాం, కలెక్టరుగారికి పెడతాం, గుళ్లో దేవుడికీ పెడతాం. చేతులు రెండూ అవే, దండమూ అదే. కానీ కలెక్టరుగారి ముందు కొబ్బరికాయ కొట్టి నైవేద్యం పెట్టేవాడు లేడు. దండం పెట్టినంత మాత్రాన కలెక్టరును దేవుణ్ణి చేశామని మమ్మల్ని ఎవరూ అనుకోరు. మొదటి శతాబ్దపు యూదుడి లెక్క కూడా అలాంటిదేనంటుంది ఈ పుస్తకం.'

గదిలో అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. పశ్చిమ తీరం చూసే ప్రతినిధి అక్కడికక్కడే కాగితం మీద రాసుకుంది. ఇంగ్లీషులో వర్షిప్ అన్న ఒక్క మాట కింద దండం, సాగిలపడటం, పూజ, నైవేద్యం అన్నీ కలిసిపోతాయి. మనకు వేర్వేరు మాటలున్నాయి. గ్రీకులో కూడా వంగి నమస్కరించడానికి ఒక మాట, దేవాలయ సేవకు వేరే మాట ఉన్నాయి. ఈ చర్చలో సగం చిక్కు ఆ ఒక్క ఇంగ్లీషు మాట దగ్గరే పుడుతోందని నాకు అప్పుడే తట్టింది. రచయితకు చెబితే ఎంతో సంతోషించారు. తర్వాతి ఉపన్యాసంలో గుంటూరు కలెక్టరుగారు కూడా వచ్చారు.

పేపర్‌బ్యాక్‌కు ఒప్పుకున్నారు.

ఏ అరలో పెట్టాలి

ఇది విసుగు పుట్టించే పని. కానీ దీన్ని వదిలేస్తే మిగతాదంతా వృథా. అమెరికాలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చాలావరకు ఒక్కో పుస్తకాన్ని చూసి కొనవు. తమకు ఏ విషయాలు కావాలో గోబి లాంటి సరఫరాదారుల దగ్గర ముందే నమోదు చేసిపెడతాయి. కొత్త పుస్తకం వర్గీకరణ ఆ నమోదుకు సరిపోతే లైబ్రేరియన్ దృష్టికి వస్తుంది, లేకపోతే రాదు. మా పుస్తకానికి ఇచ్చిన విషయ సంకేతాలన్నీ క్రైస్తవ వేదాంతం, క్రీస్తుతత్త్వం కిందే ఉన్నాయి. యూదు అధ్యయనాల బడ్జెట్ చూసే లైబ్రేరియన్‌కు ఇలాంటి పుస్తకం ఉందని తెలిసే దారే లేదు.

పుస్తక వ్యాపారం వాడే సంకేతాల్లో 'యూదుమతం – చరిత్ర' చేర్చాం. వివరణలో షెమా, ఫైలో, మెటట్రాన్ (ఒక గొప్ప దూత పేరు), తాల్ముద్ (రబ్బీల వాదాలు, కథలు ఉన్న గ్రంథం), రెండు అధికారాలు లాంటి మాటలు ఉండేలా చూశాం, వెతికేవాళ్లు ఆ మాటలతోనే వెతుకుతారు కాబట్టి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణలో యూదుమతానికి బీఎం, క్రైస్తవ సిద్ధాంతానికి బీటీ అని అక్షరాలుంటాయి. ఒక పుస్తకానికి ఒక చోటే దక్కుతుంది, మాది బీటీలో పడింది, దాన్ని మార్చడం మా చేతిలో లేదు. అయినా విషయ శీర్షికలు ఒకటికంటే ఎక్కువ ఉండొచ్చు. పేపర్‌బ్యాక్‌కు వివరాలు పంపేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకుని పంపాం.

అట్ట బొమ్మ

హార్డ్‌బౌండ్ అట్ట మీద త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) చూపే ఒక రష్యన్ ఐకాన్ ఉంది. అందమైన బొమ్మ. కానీ పుస్తకం మాట్లాడే కాలానికి వెయ్యేళ్ల తర్వాతిది. పైగా పుస్తకం ఇంకా అడుగుతున్న ప్రశ్నకు అట్ట ముందే జవాబు చెప్పేసింది.

పేపర్‌బ్యాక్‌కు డిజైనర్‌తో కూర్చుని రెండు చేతిరాతలు ఎంచుకున్నాం. ఒకటి నాష్ పాపిరస్. ఈజిప్టులో దొరికిన క్రీ.పూ. 2వ శతాబ్దపు హీబ్రూ ముక్క, 1903లో ప్రకటించారు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. అరచేతిలో ఇమిడే ఆ ముక్కలో పది ఆజ్ఞలు, వాటి కింద షెమా మొదలు ఉన్నాయి. రెండోది పీ46 అనే పాపిరస్. క్రీ.శ. 200 ప్రాంతపు గ్రీకు ప్రతి, పౌలు పత్రికలది, ఆకులు కొన్ని డబ్లిన్‌లో, కొన్ని మిషిగన్‌లో ఉన్నాయి. దాంట్లోంచి 1 కొరింథీయులకు 8:6 ఉన్న పుట తీసుకున్నాం. 'మనకు ఒక్కడే దేవుడున్నాడు, ఆయన తండ్రి', ఆ వెంటనే 'మనకు ప్రభువు ఒక్కడే, ఆయన యేసుక్రీస్తు'. షెమా గ్రీకు అనువాదంలో 'ప్రభువు', 'దేవుడు', 'ఒక్కడు' అన్న మూడు మాటలూ ఉన్నాయి. పౌలు ఆ మాటల్నే ఇద్దరికి పంచాడా, లేక షెమాను అలాగే ఉంచి పక్కన ఇంకో వాక్యం చేర్చాడా? ఈ రంగంలో వాదమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది.

ఆ రోజుల్లో లేఖకులు 'దేవుడు', 'ప్రభువు' అన్న మాటల్ని పూర్తిగా రాయరు. రెండేసి అక్షరాలు రాసి పైన గీత గీస్తారు. అట్ట మీద ఆ రెండు పొట్టి మాటలు, వాటి మీది గీతలు మాత్రమే ముదురు రంగులో కనిపించేలా డిజైనర్ చేశాడు. నేను చూసిన అట్టల్లో ఇంత నిజాయితీగా ఉన్నది మరొకటి గుర్తు లేదు.

నవంబరు, డిసెంబరు

బైబిల్ పండితుల పెద్ద జాతర సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ వార్షిక సమావేశం. నవంబరులో, థాంక్స్‌గివింగ్ ముందు వారాంతంలో జరుగుతుంది. ప్రచురణకర్తల స్టాళ్లన్నీ ఒక పెద్ద హాల్లో ఉంటాయి. మా పై అధికారి ఒకరు అక్కడ గట్టి వివాదం లేపాలన్నారు. వాళ్ల మనసులో 2014 ఉంది. ఆ ఏడు మార్చి 25న కొత్త నిబంధన పండితుడు బార్ట్ ఎర్మాన్ రాసిన 'హౌ జీసస్ బికేమ్ గాడ్'ను హార్పర్‌వన్ విడుదల చేసింది. అదే రోజు దానికి జవాబుగా ఐదుగురు పండితుల 'హౌ గాడ్ బికేమ్ జీసస్' జోండర్వాన్ నుంచి వచ్చింది. రెండు సంస్థలూ హార్పర్‌కాలిన్స్ గొడుగు కిందివే. జవాబు రాసేవాళ్లకు ఎర్మాన్ రాతప్రతి ముందే అందింది. వ్యాపారంగా చూస్తే అది చాలా తెలివైన ఏర్పాటు, ఇద్దరి పాఠకులూ రెండూ కొనేలా చేసినది.

అది మాకు నప్పదని నేను వాదించాను. సాధారణ పాఠకుడికి రాసిన పుస్తకాన్ని వివాదం లేపుతుంది. అధస్సూచికలున్న పుస్తకం దగ్గరికి మనిషి వేరే కారణంతో వస్తాడు. నేను చూపించిన ఉదాహరణ ఇంకొకటి. హర్టాడో, అలన్ సీగల్ మరికొందరు స్నేహితులు సరదాగా తమను 'ఎర్లీ హై క్రిస్టాలజీ క్లబ్' (యేసుకు దైవస్థానం తొలినాళ్లలోనే దక్కిందనేవాళ్ల సంఘం) అని పిలుచుకునేవారు. కాఫీ కప్పులు కూడా చేయించారు. సీగల్ యూదు పండితుడు. 'రెండు అధికారాలు' గురించిన రబ్బీల వాదాల మీద 1977లో వచ్చిన ఆయన పుస్తకమే ఈ రంగానికి దారి తెరిచింది. వేర్వేరు విశ్వాసాల మనుషులు ఒకే ప్రశ్న చుట్టూ కూర్చుని దశాబ్దాలు మాట్లాడుకున్నారు, ఆ మాటల్లోంచి పుస్తకాలు పుట్టాయి, 1998లో సెయింట్ ఆండ్రూస్‌లో ఒక పెద్ద సదస్సు జరిగింది. మనం చేరాల్సింది ఆ బల్ల దగ్గరికని చెప్పాను.

అందుకని నవంబరులో ఒక చర్చా కార్యక్రమం కుదిర్చాం. ముగ్గురు వక్తలు. ఒకరు రచయితతో పూర్తిగా విభేదించే కొత్త నిబంధన పండితులు, ఒకరు రబ్బీల సాహిత్యం చదివినవారు. ఆ రెండో వక్త తాల్ముద్‌లోని హగిగా 15అ కథ చెప్పారు. ఎలీషా బెన్ అబూయా పరలోకంలో మెటట్రాన్ కూర్చుని ఉండటం చూసి, ఒకవేళ ఇక్కడ రెండు అధికారాలున్నాయేమో అనుకుంటాడు. అప్పుడు మెటట్రాన్‌ను బయటికి తెచ్చి అగ్ని కొరడాతో అరవై దెబ్బలు కొడతారు. ఎలీషాను చూసి దూత లేచి నిలబడకపోవడమే తప్పయింది! హాలు నిశ్శబ్దంగా వింది. స్టాల్ దగ్గరికి ఆ సాయంత్రం వచ్చినవాళ్లలో చాలామంది ఆ కథ ఏ పేజీలో ఉందని అడిగారు. తీసుకెళ్లిన ప్రతులు మూడో రోజుకు అయిపోయాయి. డిసెంబరులో యూదు అధ్యయనాల సంఘం సమావేశానికి కూడా ప్రతులు పంపాం. ఈ విషయం మీద మా సంస్థ ఆ సమావేశానికి పుస్తకం పంపడం అదే మొదలు.

వద్దన్న ఆర్డర్లు

పుస్తకం కాస్త తెలిసేసరికి రెండు ఉత్తరాలు వచ్చాయి, నెల తేడాతో. యూదుల్ని క్రైస్తవంలోకి మార్చే పనిలో ఉన్న ఒక బృందం పెద్ద సంఖ్యలో ప్రతులు కావాలంది. తమ కరపత్రంలో రచయిత వాక్యం ఒకటి వేసుకుంటామంది. త్రిత్వాన్ని ఒప్పుకోని ఇంకో బృందం కూడా అదే అడిగింది. 'తొలి క్రైస్తవులకు త్రిత్వం తెలియదు' అన్నట్టు అర్థం వచ్చేలా మధ్యలో కత్తిరించిన వాక్యం వాళ్లకు కావాలి.

పుస్తకం ఎవరైనా కొనుక్కోవచ్చు. వాక్యం మాత్రం ఇవ్వలేదు. ప్రత్యేక తగ్గింపు కూడా ఇవ్వలేదు. సేల్స్‌లో ఒకరికి ఇది నచ్చలేదు, ఆ సంఖ్యలు మాకు చిన్నవి కావు. రచయితను అడిగితే, నేను రాసిన జవాబుల కింద తన సంతకం కూడా పెట్టి పంపమన్నారు.

సమీక్షల విషయంలోనూ ఇదే పద్ధతి. పండిత పత్రికల్లో సమీక్ష రావడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. వచ్చిన వాటిలో అన్నిటికన్నా పొడవైనది పుస్తకం ముఖ్యవాదాన్ని ఒప్పుకోలేదు. కీర్తనలు పాడటం, యేసు పేరిట బాప్తిస్మం, ప్రభువు బల్ల, ఇవన్నీ బలి కాకపోయినా ఆరాధనేనన్నది సమీక్షకుల అభ్యంతరం. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమన్ గవర్నరు ప్లినీ చక్రవర్తికి రాసిన ఉత్తరాన్ని, క్రైస్తవులు క్రీస్తుకు 'దేవుడికి పాడినట్టు' పాట పాడతారన్న ముక్కతో సహా, చక్కగా వాడుకున్నారు. ఆ సమీక్షలో మెచ్చుకోలు వాక్యం ఒకటి ఉంది. దాన్ని తీసుకున్నాం, పక్కనే 'వాదాన్ని అంగీకరించకపోయినా' అన్న మొదటి సగం కూడా ఉంచాం. వెనక అట్ట మీద ఒప్పుకోని మాట ఉండటం చూసి కొన్నానని తర్వాత ఒక అధ్యాపకురాలు చెప్పారు.

తరగతి గది

చివరికి పుస్తకాన్ని నిలబెట్టింది ఇదే. మూడో అధ్యాయాన్ని ఉచితంగా ఇచ్చాం, దానితోపాటు అందులో వాడిన మూలాల పాఠాలన్నీ ఒకచోట చేర్చిన పన్నెండు పేజీలు. యెషయా 45:23, ఫిలిప్పీయులకు 2:10 పక్కపక్కన. నిర్గమకాండం దూత పక్కన అబ్రాహాము ప్రకటన అనే పాత యూదు గ్రంథంలోని యాహోయేల్ అనే దూత. అధ్యాపకుడు తెల్లారి తరగతికి అలాగే తీసుకెళ్లొచ్చు. ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కు పుస్తకాల జాబితాలు వసంతంలోనే ఖరారవుతాయి కాబట్టి ఫిబ్రవరిలో పంపాం. అమ్మకాల పట్టికలో ఆగస్టు కదిలింది, మళ్లీ జనవరి కదిలింది. ఇలాంటి పుస్తకాన్ని ఆరు నెలల్లో తూచడం తప్పని మా వాళ్లకు చెప్పడానికి నాకు ఆ పట్టిక కంటే ఇదే విషయం మీద రాసిన జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ బూసే ఎక్కువ పనికొచ్చాడు. ఆయన 'కూరియోస్ క్రిస్టోస్' జర్మన్‌లో వచ్చింది 1913లో, ఇంగ్లీషులోకి 1970లో. నూరేళ్ల తర్వాత 2013లో బేలర్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని మళ్లీ అచ్చేసింది, వాదం తప్పని చాలామంది అన్నాక కూడా.

ఆ ఉచిత అధ్యాయం హైదరాబాదు దాకా వెళ్లింది. అక్కడి వేదాంత కళాశాలలో చెప్పే ఒకాయన నాకు తెలుగులో మెయిల్ రాశారు. తరగతిలో 'అద్వితీయుడు' దగ్గర గంటసేపు ఆగిపోయారట. హీబ్రూలో ఉన్నది 'ఒకటి' అన్న మాట. మన అనువాదకులు దానికి ఉపనిషత్తు వాసన ఉన్న మాట వేశారు, 'ఏకమేవాద్వితీయం' తెలిసిన చెవికి అది వేరేలా వినిపిస్తుంది. ఇది మీ రచయితకు తెలుసా అని అడిగారు.

రచయితకు ఫోన్ చేశాను. మాట అర్థం ఏమిటన్నారు. 'రెండోవాడు లేనివాడు' అన్నాను. ఫైలో 'రెండో దేవుడు' అన్నాడు, రబ్బీలు 'రెండు అధికారాలు' అన్నవాళ్లతో పోరాడారు, తెలుగువాళ్లు షెమాలోనే ఆ రెండును కాదనే మాట పెట్టుకున్నారా అని చాలాసేపు అదే మాట్లాడారు. అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పించుకుని రాసుకున్నారు. రెండో ముద్రణ ముందుమాటలో ఒక పేరా దాని గురించే ఉంది.

ఆ కళాశాలకు రెండు ప్రతులు పంపించాం. పేపర్‌బ్యాక్ ధర కూడా అక్కడి విద్యార్థికి అందేది కాదు. భారతదేశంలో తక్కువ ధరకు అచ్చేసే హక్కు ఇవ్వాలని రెండేళ్లుగా అడుగుతున్నాను. వచ్చే నెల సమావేశంలో మళ్లీ అడుగుతాను, ఈసారి ఆయన మెయిల్‌ను ఇంగ్లీషు చేసి జతపెట్టాను.